తిరగేసిన చొక్కా

నా పేరు సిన్నే, నా జబ్బు పేరు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా. ఆ జబ్బు పేరు పలికేలోగా ఒంటిమీద ఎక్కడో ఓ బొబ్బ లేస్తుంది. పుట్టుకతోనే వచ్చింది. కాస్త ఒరుసుకుంటే చాలు, చర్మం ఊడి వస్తుంది. చొక్కా కుట్టు గీసుకున్నా కాలినంత మంట. అందుకే చిన్నప్పటినుంచీ బట్టలన్నీ తిరగేసే వేసుకుంటాను, కుట్లు బయటికి, మెత్తని వైపు ఒంటికి.

పదిహేనో ఏట నాకు ఒక్కటే కోరిక. నార్వేలో, మా టెలిమార్క్ ప్రాంతంలో ఆ వయసు ఆడపిల్లలకు బునాద్ కుట్టిస్తారు: ఉన్ని పావడా, పూలు కుట్టిన రవిక, తెల్లటి నార చొక్కా, మెడ దగ్గర వెండి. మే పదిహేడు, జాతీయ పండగ ఊరేగింపులో అది వేసుకుని నడుస్తారు. ఏటా నేను దారి పక్కన నిలబడి జెండా ఊపేదాన్ని. ఆ ఏడు నేనూ నడవాలనుకున్నాను.

మా లోయలో బునాద్ కుట్టేది ఆస్లౌగ్ మామ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. నోరు కత్తెర కంటే పదును. ఊరేగింపు రోజు చర్చి గేటు దగ్గర కాపు కాసి, ఎవరి మేజోళ్ల రంగు తప్పినా అక్కడికక్కడే కడిగేసేది. మా పిన్ని ఓసారి బునాద్ మీద నల్ల కళ్లద్దాలు పెట్టుకెళ్లి ఏడుస్తూ ఇంటికొచ్చింది.

అమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లి నసిగింది. "కుట్లు కాస్త మార్చి కుడితే..."

"ఒక్క కుట్టు కూడా మార్చను. మా అమ్మ కుట్టినట్టే కుడతా. ఇష్టమైతే కుట్టించుకోండి," అంది మామ్మ. తర్వాత నాకేసి చూసింది. "ఏమే సిన్నే, చొక్కా తిరగబడింది. చూసుకోవా?"

నాకు ఒళ్లు మండింది, ఈసారి జబ్బు వల్ల కాదు. "చూసుకునే వేసుకున్నా. కుట్లు కరుస్తాయి," అని మోచేతి కట్టు విప్పి చూపించాను. "ఇదిగో, నిన్న స్వెటర్ అంచు చేసిన పని."

మామ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. టేపు తీసి, నా ఒంటికి వేలెడు దూరంలో గాల్లోనే పట్టుకుని కొలతలు తీసుకుంది. ఒక్కసారి కూడా తగలనివ్వలేదు.

ఏప్రిల్లో బట్టలొచ్చాయి. పావడా లోపలంతా మామ్మ పెళ్లినాటి దుప్పట్లే, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. రవిక కుట్లు రెండు గుడ్డల మధ్య దాగిపోయాయి. పల్చటి చొక్కాలో మాత్రం దాచే చోటు లేదు. భుజాల మీద కుట్లు బయటికే కనబడుతున్నాయి.

"ఏదీ మార్చలేదు," అంది మామ్మ మొండిగా. "లోపలిది బయటికి తిప్పానంతే."

మే పదిహేడున అమ్మ పొద్దున్నే రెండు గంటలు కట్లు కట్టింది. నేను నడిచాను! చర్చి గేటు దాకా అంతా బాగానే ఉంది. అక్కడ ఓస్లో నుంచి వచ్చిన ఒకావిడ నన్ను చూసి గట్టిగా అంది: "అయ్యో, చొక్కా తిరగేసి వేసుకున్నావమ్మా! ఎవరూ చెప్పలేదా?"

అందరూ తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నా భుజం మీది చొక్కా సర్దబోయింది.

"చెయ్యి తీయండి!" గేటు దగ్గర నుంచి మామ్మ అరిచింది. "మా లోయలో ఇలాగే వేసుకుంటాం."

"కానీ అది తప్పు కదండీ..."

మామ్మ తన శాలువా తీసేసింది. ఆవిడ చొక్కా కుట్లు కూడా బయటికే ఉన్నాయి. అరవై ఏళ్లు జనాన్ని కడిగేసిన మనిషి, ఊరందరి ముందూ తిరగేసిన చొక్కాతో నిలబడింది.

"నాది కూడా చూసుకోండి," అంది. "ఇంకేమైనా తప్పులుంటే చెప్పండి, వింటా."

సాయంత్రం అమ్మ నా మడమ మీది బొబ్బలు సూదితో పొడిచి నీరు తీస్తుంటే ఏడ్చాను. నొప్పికి కొంత, సంతోషానికి ఎక్కువ.

ఇప్పుడు నాకు ముప్ఫై నాలుగు. నొప్పి లేని రోజు ఇంతవరకూ ఒక్కటీ లేదు. మామ్మ పోయి ఆరేళ్లయింది, ఆవిణ్ణి తలుచుకోని రోజు కూడా లేదు. మే పదిహేడున మా లోయలో సగంమంది ఆడవాళ్లు చొక్కా తిరగేసే వస్తారు. ఎందుకని పిల్లలడిగితే, ఇక్కడ అంతే, అంటారు. నేను మామ్మ నిలబడ్డ చోటే నిలబడి, కుట్లు లోపలికి వేసుకొచ్చినవాళ్లకు చీవాట్లు పెడుతుంటాను.