ఈవెనింగ్ వస్తానండి

లిఫ్టు మెకానిక్ ఎవరికీ కాదు, కుదరదు అని చెప్పే మనిషి కాదు. అలాగని ఒప్పుకున్న పని చేసే మనిషీ కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులో ఏళ్ల తరబడి సుఖంగా కాపురముంటున్నాడు. ఆ సందు పేరు ఈవెనింగ్.

"లిఫ్టులో ఫ్యాను తిరగట్లేదయ్యా" అంటే "ఈవెనింగ్ వస్తానండి" అనేవాడు. "బెల్లు మోగట్లేదు" అంటే "ఈవెనింగ్ చూసేద్దామండి" అనేవాడు. పొద్దున్నే అడిగినా ఈవెనింగే, దీపాలు పెట్టాక అడిగినా ఈవెనింగే. ఇంట్లో కొళాయి కారుతోందని భార్య మొత్తుకున్నా అదే జవాబు.

ఇన్నాళ్లూ బండి నడిచింది. కానీ ఆ ఐదంతస్తుల బిల్డింగువాళ్లకి ఓపిక చచ్చిపోయింది. లిఫ్టు కాంట్రాక్టు ఇతనికే ఉంచడమా, పీకేయడమా అన్నది ఇవాళ సాయంత్రం మీటింగులో తేల్చేస్తారని కబురొచ్చింది. మిగతా పనులు వచ్చేవి, పోయేవి. అతని ఇంట్లో పొయ్యి వెలిగించేది మాత్రం ఈ బిల్డింగే. అందుకని మీటింగులోపల లిఫ్టుని కాస్త దారిలో పెడదామని, భోజనం చేసి చెయ్యి ఆరకముందే పరుగెత్తుకొచ్చాడు.

అతను లిఫ్టు ఎక్కి జాలీ తలుపు లాగబోతుంటే ఆ బిల్డింగు సంఘం అధ్యక్షురాలు వచ్చి ఎక్కింది. మోకాళ్ల నొప్పుల పెద్దావిడ, అందరికీ మామ్మగారు. చేతిలో కూరల సంచీ.

"పగలొచ్చావేం? దారి తప్పావా?" అంది.

అతను నవ్వబోయాడు. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఓసారి దగ్గి, ఆగిపోయింది. లోపలి లైటు ఆరిపోయింది. బెల్లు నొక్కాడు. మోగలేదు. ఫ్యాను స్విచ్చి వేశాడు. టిక్కుమంది, అంతే.

"ఫ్యాను ఎప్పుడు చేస్తానన్నావు?" చీకట్లోంచి మామ్మగారి గొంతు.

"ఈవెనింగ్ అన్నానండి."

"బెల్లో?"

"అదీ ఈవెనింగే అన్నానండి."

"ఈ లైటు ఉండుండి ఆరిపోతోందని చెప్పానా?"

అతను మళ్లీ బెల్లు నొక్కి చూశాడు. ఎగ్గొట్టిన ఈవెనింగులన్నీ ఏకమై తనని పెట్టెలో పెట్టి మూత వేసినట్టనిపించింది.

లిఫ్టు కదలాలంటే మేడ మీద మోటారు గదిలో చక్రం చేత్తో తిప్పాలి. ఆ గది తాళంచెవి అతని జేబులోనే ఉంది. రెండోది అతని దగ్గరే పని నేర్చుకున్న బావమరిది దగ్గరుంది. మామ్మగారికి వెలుతురుండాలని ఫోను ఎత్తి పట్టుకుని, స్పీకరు పెట్టి పిలిచాడు.

"ఒరేయ్, లిఫ్టులో ఇరుక్కున్నాను. మోటారు గది తాళంచెవి పట్టుకుని రా."

"అలాగే బావా. ఈవెనింగ్ వస్తా."

"నాకే చెప్తావురా ఆ మాట?"

"నువ్వు నేర్పిందేగా. సాయంత్రం అని మాత్రం అనకురా, దానికి సూర్యుడు సాక్షి, ఆయన దిగిపోతే మనం దొరికిపోతాం అన్నావు. ఈవెనింగ్‌కైతే సాక్షి ఎవడూ ఉండడు, ఎంత లాగితే అంత సాగుతుంది అన్నావు."

"ఒరేయ్, స్పీకరు..."

"ఆ బిల్డింగు మామ్మనైతే ఎండాకాలమంతా ఈవెనింగ్ మీదే నడిపించా అని నవ్వలేదూ నువ్వు?"

మామ్మగారు ఫోను వైపు వంగింది. "నాయనా, ఆ మామ్మని నేనే. ఇంతకీ నువ్వొచ్చేది సాయంత్రమా, ఈవెనింగా?"

అవతల స్పానరు కింద పడిన చప్పుడైంది. "సాయంత్రమేనండి. ఇక్కడ ఇంకో లిఫ్టు విప్పి పెట్టాను. బిగించకుండా వస్తే వీళ్లూ ఇరుక్కుంటారండి."

మెకానిక్ తన తువ్వాలు పరిచాడు. మామ్మగారు దాని మీద కూర్చుని, సంచీలోంచి ఒక క్యారెట్ తీసి అతని చేతిలో పెట్టింది. "నములు. నీ నోటికి కాసేపైనా మంచి పనుంటుంది."

పొద్దు వాలింది. పైన మూడో అంతస్తు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. లిఫ్టు ఆగిందని తెలిసి వచ్చిన సంఘం సెక్రటరీ వంగి అడిగాడు: "మామ్మగారూ, మీటింగు వాయిదా వేద్దామా?"

"ఎందుకూ? నేనిక్కడే ఉన్నాను, ముద్దాయీ ఇక్కడే ఉన్నాడు. కుర్చీలు ఆ తలుపు దగ్గరికే తెచ్చుకోండి."

జాలీలోంచి చూస్తే అతనికి మనుషుల పాదాలే కనబడుతున్నాయి. ఆ పాదాలే తన బతుకు తేలుస్తున్నాయి.

"తీసిపారేయండి. ఎదురుచూసి ఎదురుచూసి మెడలు పట్టేశాయి," అంది మెట్టెల పాదం.

"ఇవాళ మాత్రం చెప్పిన వేళకి ఉన్నాడండీ," అంది హవాయి చెప్పు. "ఆ తలుపు తియ్యకండి. తీస్తే మళ్లీ దొరకడు."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

"ఏమంటావయ్యా?" సెక్రటరీ అడిగాడు.

మెకానిక్ పాదాల వైపు తలెత్తాడు. "కుదరదంటే ఇంకొకణ్ణి పిలుస్తారని భయమండి. అందుకని అలా అనేస్తాను. తర్వాత మీ నెంబరు మోగితే ఫోను ఎత్తాలన్నా భయమే."

 మామ్మగారు గొంతు సవరించుకుంది.

"కొత్తవాణ్ణి తెచ్చుకుంటే వాడికీ ఓ ఈవెనింగ్ ఉంటుంది. దాని పొడవెంతో తెలుసుకోవడానికి మనకి మళ్లీ ఓ ఎండాకాలం పడుతుంది. వీడిదెంతో మనకి తెలుసు. ఉంచుదాం. కానీ ఆ మాట ఇక మన మెట్లెక్కకూడదు. వస్తే వస్తాననాలి, రాలేకపోతే రాననాలి. ఫ్యానూ, బెల్లూ, లైటూ బాగుచేశాకే ఇవాళ గడప దాటాలి."

మెట్టెల పాదం గొణిగింది కానీ కాదనలేదు.

అంతలో పైన చక్రం తిరిగిన చప్పుడైంది. వెలుగు పూర్తిగా పోకముందే బావమరిది వచ్చేశాడు. లిఫ్టు మెల్లగా మూడో అంతస్తుకి చేరింది. మామ్మగారు బయటికి వచ్చి, కుర్చీ లాగించుకుని లిఫ్టుకి ఎదురుగానే కూర్చుంది. అతను స్క్రూడ్రైవరు తీసేసరికి ఫోను మోగింది. భార్య.

"ఎప్పుడొస్తారు?"

అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. "ఈ..." అన్నాడు. ఎదురుగా మామ్మగారు కళ్లజోడు సవరించుకుంది.

"ఈ లిఫ్టులో మూడు పనులున్నాయే. అవి అయ్యేదాకా రాను. ఎంతసేపు పడుతుందో నాకే తెలీదు. కొళాయి కూడా ఇవాళ కుదరదు."

 అవతల ఆవిడ గొంతు మర్యాదగా వినిపించింది.

"ఎవరండీ మీరు? ఆ ఫోను మా ఆయనది. కాస్త ఆయనకివ్వండి."