పటమునఁ గానరాని లంక

వఱదలు తీసి గౌతమీనది తేటపడి యిరుదరుల ఱెల్లుపూవులు తెల్లఁగాఁ గ్రమ్ముకొని యెండ మేనికి హితవుగాఁ దాఁకుచుండు శరత్కాలపు టాదివారమున సోమరాయపురపు రేవులో నొక చిన్న నావయందు, గుడ్డపై నతికించిన పెద్ద పటమొకటి చుట్టచుట్టి యొడిలోఁ బెట్టుకొని పంతులుగారొకరు కూర్చుండి యుండిరి. ఆయన పేరు కందాళ తిరువేంగళాచార్యులు. ఆ యూరి యున్నతపాఠశాలలో నిరువదినాలుగేండ్లుగా భూగోళశాస్త్రము బోధించుచున్నవారు. ఆ యిరువదినాలుగేండ్లలో నాయన యా నదిలో నావ యెక్కుట యదియే మొదటిసారి. నవ్వకుఁడు, నిజమే చెప్పుచున్నాను.

పాఠము చెప్పుటలో నాయనకు సాటి యా తాలూకాలో లేఁడని ప్రతీతి. కన్నులు మూసికొని సుద్దముక్క యెత్తకుండ నొక్క గీఁతతో నల్లబల్లపై భరతఖండమును దింపఁగల హస్తలాఘవము. నైలునదికిని గాంగోనదికినిఁ గల యుపనదుల నన్నిటిని దన బిడ్డల పేరులవలెఁ బలుకఁగల ధారణాశక్తి. గోదావరి సాగరసంగమపటమును మాత్ర మితరుల చేయి సోఁకనీయక నిత్యము చంకఁబెట్టుకొని బడికిఁ దెచ్చి మఱల నింటికిఁ గొనిపోవు భక్తి. ఆయన పెట్టు ప్రతిపరీక్షయందును మొదటి ప్రశ్న యొక్కటే: పటము గీసి మీ మీ గ్రామమును గుర్తింపుఁడు. "తన యూరెఱుఁగనివాఁడు లోకము నేమెఱుఁగును?" అని యాయన తఱచు ననుచుండెడివారు. ఎంత చక్కని మాట! అది పలికెడివారికే తగులునని యప్పు డెవ్వరు తలఁచిరి?

పదునైదు దినములక్రిందట మూఁడునెలల పరీక్ష జరిగెను. ఎనిమిదవ తరగతిలో మల్లాడి వీరవేణి యను జాలరులయింటి బాలిక యుండెను. నదికి నడుమనున్న గవ్వలలంకనుండి ప్రతిదినము తండ్రి నావలో వచ్చుచు, ఆ లంకనుండి యున్నతపాఠశాల గడప త్రొక్కిన మొదటి యాఁడుబిడ్డ యనిపించుకొన్నది. ఆ బిడ్డ ప్రశ్నకుఁ దగినట్లు నదిని గీసి, నది నడుమ నొక లంకను గీసి, లంకకుఁ దూర్పున వెడల్పుగాఁ బాఱు పాయను గీసి, లంకలోఁ జుక్క పెట్టి తన యూరి పేరు వ్రాసెను. ఆచార్యులవారి తాతలనాఁటి పటములో నచ్చట లంకయే లేదు, ఉన్నదెల్ల నీలిరంగు. తాఁ బట్టిన కుందేటికి మూఁడేకాళ్లను సామెత యూరకే పుట్టలేదు. ఆయన యా కాగితమును దరగతికెల్ల నెత్తి చూపిరి.

"ఏమే, నీ యూరు నీటిలో నున్నదా? మీరు మనుష్యులా చేఁపలా?"

"మా ఊరు నిజంగా అక్కడే ఉందండి మేస్టారూ" అని యా పిల్ల మెల్లఁగాఁ బలికెను.

ఎదురు చెప్పినందులకు బల్ల యెక్కించిరి. అంతతోఁ బోనీయక యా పిల్ల చేతితోడనే లంకను జెఱిపించి, చెఱిపినచోట నీలిరంగు పూయించి, పైన నెఱ్ఱసిరాతో సున్న చుట్టిరి. తరగతి యెల్లఁ గొల్లున నవ్వెను. ఆచార్యులవారును నవ్విరి. సాయంకాలమునకే యా బిడ్డకుఁ జేఁపపిల్ల యని పేరు పడెను. మఱునాఁటినుండి బడికి రాలేదు.

ఆ కాగితము ప్రధానోపాధ్యాయుల బల్లమీఁదికిఁ బోవకున్నచోఁ గథ యింతటితోఁ దీఱెడిదే. ఆయన కండ్లద్దములు సవరించుకొని, నీలిరంగుక్రింద నింకను గానవచ్చు లంక గీఁతలను, ఊరి పేరును జూచి, "ఆచార్యులుగారూ, క్రిందటినెలలో వఱదబాధితులకు బియ్యము పంచుటకు నేనీ లంకకే పోయితిని. ఈ పిల్ల తండ్రి పోశియ్య యింటఁ గొబ్బరినీరు త్రాగితిని. నీట మునిఁగి త్రాగినట్లు నాకు జ్ఞాపకము లేదు" అనిరి. ఆచార్యులవారికిఁ దల కొట్టివేసినట్లయ్యెను. ఆ పిల్ల తిరిగి రాకున్న నొక చదువు తన చేతులమీఁదుగా మునిఁగిపోయినట్లే యని యాయన మనస్సు పీకఁజొచ్చెను. అందుచేతనే యా యాదివారపుఁ బ్రయాణము. అయినను బటమును వెంటఁ దెచ్చుకొనిరి. లోలోపల నొకమూలఁ బటమే నిజమగునేమో యను నాస యింకను జావలేదు. సిగ్గుపడవలసినవాని కట్టి యాస తుదిదాఁక నుండును.

నావ నడుపుచున్నవాఁ డా పోశియ్యయే. ఆచార్యులవారు గొంతు సవరించుకొని, "పిల్ల బడికేల వచ్చుట లేదు?" అనిరి.

"రానని ఏడుస్తందండి. ఏడ్చే పిల్లని ఎలా పంపుతానండి? ఈ నెల చూసి వలల పనిలో పెట్టేద్దామనుకుంటన్నానండి. మాకు చదువు అచ్చిరాలేదండి, ఏం చేస్తాం."

ఆచార్యులవారు పటము విప్పి దానిలోఁ దల దూర్చిరి. నడియేటికి రాఁగానే, "పడమటికిఁ ద్రిప్పుము. లోతైన పాయ యచ్చట నున్నది" అనిరి. పోశియ్య తూర్పువంక నొకసారి చూచి "ఆయ్" అని గడ త్రిప్పెను. నాలుగుబారలు పోకమునుపే నావ యిసుకలోఁ గూరుకొని నిలిచిపోయెను. ఏఁబదియేండ్ల యా మనుష్యుఁడు మోకాలిలోతు నీట దిగి భుజ మానించి రొప్పుచు నావను ద్రోయఁజొచ్చెను.

"ఇచ్చట మెరక యని నీ వెఱుఁగవా?"

"ఎరగకేమండి. మా అయ్య చిన్నప్పుడే ఈ పాయ పూడిపోయిందండి. రోజూ అటు తూర్పునుంచే తిప్పుకొస్తానండి."

"మఱి యేల చెప్పవైతివి?"

"తమరు చెప్పేక నేనెలా కాదంటానండి? మేస్టారు కదండీ."

వాఁడు తిట్టిన బాగుండును, నవ్వినను బాగుండును. వెదకి చూచినను వాని ముఖమున నెత్తిపొడుపన్నది లేదు. ఆచార్యులవారు పటమును జుట్టి కాళ్లక్రింద నీరూరిన చోటఁ బడవైచిరి. అది తడిసిపోవునను చింతయే యాయనకుఁ గలుగలేదు.

తూర్పుపాయ చుట్టివచ్చి నావ గవ్వలలంక రేవుఁ జేరెను. నలువది యిండ్లు, కొబ్బరిచెట్లు, ఆరవేసిన వలలు, ఎండుచేఁపలయొద్దఁ గాకులఁ దోలుచున్న యొక ముసలమ్మ. ఇరువదినాలుగేండ్లు తాను నీరని చెప్పిన చోట నాచార్యులవారు పొడినేలపై నిలిచిరి. "బడి మేస్టారే వచ్చేరా! కూర్చోండి బాబూ, కూర్చోండి" అని ముసలమ్మ పరుగున మంచము తెచ్చి వాల్చెను. ఆ మర్యాద యాయనకుఁ జెంపపెట్టువలెఁ దగిలెను.

చూరుక్రింద వల బాగుచేయుచుఁ గూర్చున్న వీరవేణి యాయనను జూడఁగానే వల జాఱవిడిచి లేచి చేతులు జోడించెను. దారిపొడవునఁ గూర్చుకొని వచ్చిన క్షమాపణవాక్యము లాయన నోటికి రాకమునుపే యా పిల్ల యిట్లనెను.

"తప్పైపోయిందండి మేస్టారూ. మా ఊరు అక్కడ లేదండి. ఇంకెప్పుడూ గీయనండి. పటంలో ఎలా ఉంటే అలాగే నీలంరంగు వేస్తానండి. బల్ల మాత్రం ఎక్కించకండి."

కటకటా! పుట్టిన నేలమీఁదనే నిలిచి, కన్నతండ్రి యెదుట నిలిచి, తన యూరు లేదని తన నోటితోఁ జెప్పుటకు బిడ్డకు నేర్పిన గురువు వేఱొకఁడుండునా? భూమి విచ్చి తన్ను మ్రింగిన బాగుండునని యాచార్యులవారికిఁ దోఁచెను. వాల్చిన మంచముమీఁదఁ గూర్చుండక యాయన నేలమీఁదనే చతికిలఁబడిరి.

"తల్లీ, ఊరున్నది. లేనిది నా చదువే. నీవు గీసినది నిజము, నే నన్నది యబద్ధము. రేపు తరగతిలో నందఱియెదుట నీ మాటయే చెప్పెదను. బడికి రమ్మా" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఆ పిల్ల తండ్రివంకఁ జూచెను. ఆచార్యులవారివంకఁ జూచెను. తుదకుఁ దల వంచుకొని, "చిత్తమండి మేస్టారూ. ఉందండి" అనెను.

ముసలమ్మ మెటికలు విఱిచి దిష్టి తీసెను. పోశియ్య పైగుడ్డతోఁ గన్నులు తుడుచుకొనెను. ఆచార్యులవారు మాత్రము కన్నీరు తుడుచుకొనుట మఱచిరి. లేదండి యన్నపు డేది యా పిల్ల గొంతో, ఉందండి యన్నపుడును నదే గొంతు.

వీరవేణి మఱునాఁడు బడికి వచ్చెను. ఆచార్యులవారు మాట తప్పక తరగతియెదుట తన తప్పొప్పుకొని, మరకలుపడిన యా పటముమీఁద లంకను దామే గీసి, వీరవేణి కాగితముమీఁది సున్న కొట్టివేసి నూటికి నూఱు వేసిరి. పిల్లలు నవ్వుట మానిరి. చేఁపపిల్ల యను పేరును నెలదినములలో మఱచిరి. మఱవనిది వీరవేణి యొక్కతెయే. ఏ ప్రశ్న యడిగినను ముందుగా గురువు ముఖము చూచి, అందేమి యున్నదో చదివికొనినఁ గాని నోరు విప్పదయ్యెను. ఒకనాఁటి యుదయమున నాయన బుజ్జగించుచు, "తూర్పేది తల్లీ?" అని యడిగిరి. లేయెండ కిటికీనుండి తిన్నఁగా వచ్చి చెక్కిలిమీఁదఁ బడుచుండఁగా, ఆ పిల్ల యటు తల త్రిప్పక యాచార్యులవారి కన్నులలోనికే చూచుచు నిలుచుండెను.