గేటు సంగతి

మా ఆయన పోయాక నన్ను పలకరించడానికి వచ్చినవాళ్లందరూ, గేటు నుంచి కారు షెడ్డు దాకా ఉన్న గతుకుల దారిని ముందు పలకరించారు. ఒకావిడకి కాలు మడతపడింది. ఏడవడానికి వచ్చిన మనిషి నిజంగానే ఏడ్చింది.

"అన్నయ్య అన్నీ బాగానే చూసుకున్నాడు గానీ, ఈ దారి విషయంలో ఒట్టి బద్ధకం," అన్నాడు మా మరిది. వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పాడు. వాళ్లూ తలలూపారు. పోయిన మనిషి గురించి చుట్టాలందరి మాటా కలిసింది అక్కడొక్కచోటే.

ఆయన బద్ధకస్తుడు కాదు. మా దారి లోపలికి వచ్చేకొద్దీ ఎత్తు. గేటు లోపలికే తెరుచుకుంటుంది. పాత తారు మీద కొత్త తారు వేస్తే గేటు కదలదని, ముందు దాని అడుగు కోయించాలని ఆయన అంటుండేవారు. కోసే మనిషి వస్తాను వస్తానంటూ రాలేదు. ఈలోగా ఆయన మంచం పట్టారు. ఆయన మీద పడ్డ ఆ ఒక్క మాట తుడిచేయాలని నాకుండేది. కానీ భర్త పోయిన మనిషి గేటు కింది సందు గురించి మాట్లాడితే వినేవాళ్లెవరు?

దారికి కొత్త తారు వేయించడానికి మరిది మేస్త్రీని పిలిపించాడు.

"గేటు సంగతి చూశావా?" అని అడిగాను.

"గేటుకీ తారుకీ ఏం సంబంధం వదినా? మీరు లోపల పడుకోండి. నేనున్నాగా."

"సార్ ఉండగా మీకెందుకమ్మా బెంగ," అన్నాడు మేస్త్రీ.

రోలరు రావడానికి గేటు రెక్కలు ఊడదీసి గోడకి చేరేశారు. కంకరా తారూ పరిచి తొక్కించారు. దారి నిగనిగలాడింది. అది గట్టిపడ్డాక మరిది తన కారుని, పెళ్లికూతుర్ని నడిపించినట్టు, మెల్లగా షెడ్డులోకి తెచ్చాడు. తర్వాత గేటు రెక్కల్ని మూసినట్టే నిలబెట్టి బిగించి, గడియ వేయించాడు. దొంగలు ఎత్తుకుపోకుండా కీళ్ల మీద వెల్డింగు కూడా దగ్గరుండి చేయించాడు. ఫొటో తీసి, "అన్నయ్య ఏళ్ల తరబడి చేయలేనిది" అని రాసి చుట్టాలందరికీ పంపాడు.

మర్నాడు నేను మళ్లీ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాలి. కార్లో దింపుతానన్నాడు. గేటు కాస్త తెరుచుకుని కర్రుమని ఆగింది. లాగాడు. వేలాడాడు. చివరికి దాన్ని బతిమాలాడు. మేస్త్రీకి ఫోన్ చేస్తే, "అడుగు కోయాలి సార్. మనిషి వస్తానన్నాడు," అన్నాడు.

"అన్నయ్యకి ఇది తెలిస్తే ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు మరిది చెమట తుడుచుకుంటూ.

"చెప్పారు. నువ్వు బద్ధకమని పేరు పెట్టింది దానికే."

మరిది గేటు వదిలేశాడు. "ఆ ఫొటో కింద రాసింది..."

"మార్చు. నిదానంగా కూర్చునే మార్చు. ఎక్కడికీ వెళ్లే పని లేదుగా."

ఫోన్ తీసి షెడ్డు మెట్టు మీద కూర్చున్నాడు. ఏం రాయాలో తోచక, "బద్ధకం కాదు అని రాస్తే చాలా వదినా?" అని అడిగాడు.

"చాలు. అందరికీ పంపు."

ఈమధ్య బాగా చిక్కిపోయానని అందరూ అంటున్నారు. పక్కకి తిరిగితే ఆ గేటు సందులో సులువుగానే పట్టాను. సంచీ భుజాన వేసుకుని బడికి నడిచాను.