హాఫ్‌టైమ్ కన్నీళ్లు

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీయగానే కోడలు లాప్‌టాప్ తెరిచి, తెల్ల కాగితం మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమ పక్క నిమిషం, కుడి పక్క ఏం జరిగిందో. భర్త మగవాళ్ల ఫుట్‌బాల్ టీముకి కోచ్. ఆయన టీము ఆడిన ప్రతి మ్యాచ్ వీడియో చూసి, ఎవరు బంతి పోగొట్టుకున్నారో, ఎవరు పరిగెత్తకుండా నిలబడిపోయారో రాసిపెట్టడం ఆరేళ్లుగా ఆమె పని. దాన్ని పని అని ఇంట్లో ఎవరూ అనరు. "మా కోడలికి ఆటంటే పిచ్చి, కూర మాడినా తెలీదు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆయన మర్నాడు ఆ కాగితం చూసుకుని వెళ్లి ఆటగాళ్ల తప్పులు ఒక్కొక్కటే ఏకరువు పెడుతుంటే, సార్‌వి డేగ కళ్లని వాళ్లు చెప్పుకుంటారట. ఆ సమయంలో డేగ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఉంటుంది.

ఈసారి ఆయన ఒక వింత మాట అన్నాడు. "సెకండ్ హాఫ్ ఒక్కటే రాయి చాలు. అంతకుముందుది నాకు గుర్తుంది."

తువ్వాలు ఎక్కడ పెట్టాడో గుర్తుండని మనిషికి నలభై అయిదు నిమిషాల ఆట గుర్తుందట. ఆమెకి అక్కడే అనుమానం మొదలైంది. నిజానికి అది మొదలై రెండు రోజులైంది. సెమీఫైనల్లో రెండు గోల్స్ వెనకబడిన టీముకి హాఫ్‌టైమ్‌లో ఆయన ఏదో చెప్పి కంటతడి పెట్టాడనీ, వాళ్లు రెచ్చిపోయి మూడు గోల్స్ కొట్టారనీ, ఎవరో ఆటగాడు దాన్ని ఫోన్‌లో తీశాడనీ ఊరంతా తెలిసింది. మందుల షాపాయన చిల్లర తిరిగిస్తూ "సార్ మనసు వెన్నమ్మా" అన్నాడు. ఎదురింటావిడ గేటు దగ్గర ఆపి, చెయ్యి గట్టిగా పట్టుకుని, "మీరు చాలా గొప్పవారండీ" అంది. ఏడ్చింది ఆయనైతే గొప్ప తనకెందుకు అంటగడుతున్నారో ఆమెకి అర్థం కాలేదు. అడిగితే ఆయన, "ఏదో ఆవేశంలో అన్నాన్లే, నువ్వు చూడాల్సినంత ఏం లేదు" అన్నాడు. ప్రతి చిన్న క్లిప్పూ పంపించి "చూశావా, చూశావా" అని వెంటపడే మనిషి ఇది మాత్రం పంపలేదు.

పైగా మర్నాడు ఆమెకి ఇంటర్వ్యూ. అదే క్లబ్బులో అమ్మాయిల టీముకి హెడ్ కోచ్ పోస్టు. ఆ పోస్టు ఒకప్పుడు ఆమెదే. రెండేళ్ల క్రితం ఏడో నెలలో కడుపులో బిడ్డ పోయింది. మూడు వారాలకే గ్రౌండ్‌కి వెళ్లింది, ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉండి. సంగతి తెలియని లెఫ్ట్ వింగ్‌లో ఆడే అమ్మాయి బూట్ల లేసు కట్టుకుంటూ తలెత్తి, "మేడమ్, పాప ఎలా ఉంది?" అని అడిగింది. ఆమె అక్కడే, అందరి ముందూ, బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. అంతే. ఎవరో తండ్రి ఫిర్యాదు చేశాడు. పిల్లల్ని అదుపులో పెట్టాల్సినవాళ్లే అదుపు తప్పితే ఎలా అని కమిటీ తీర్మానించి ఆమెని అసిస్టెంట్‌ని చేసింది. నీళ్ల సీసాలు నింపడం, హాజరు వేయడం. కమిటీలో ముగ్గురు: సెక్రటరీ, అందరూ ఈలసార్ అనే రిటైరైన రిఫరీ, ఆమె భర్త. ఆ రోజు మీటింగులో ఆయన ఏమన్నాడో ఆయనే ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. "ఇంట్లోనూ అంతే సార్, కుళాయి తిప్పినట్టే అన్నాను. వాతావరణం కాస్త తేలికపడాలి కదా."

ఆమె తర్వాత వచ్చిన కోచ్ మానేసి వెళ్లిపోయాడు కాబట్టి ఇప్పుడు మళ్లీ అవకాశం వచ్చింది. ఆ అమ్మాయిలు తిరిగి తన చేతికొస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంటోంది ఆమె. పొద్దున భోజనాల దగ్గర ఆయన బోధ కూడా అయిపోయింది.

"రేపు ఆ ఏడుపు సంగతి ఎత్తితే, అప్పుడు ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు గట్టిపడ్డాను అను. కోచ్ ఏడిస్తే టీము మీద పట్టు పోతుంది."

"మరి మీరు ఏడ్చారంటగా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"నేను గెలిపించడానికి ఏడ్చాను" అని ఆయన పెరుగు వేసుకున్నాడు.

ఆ మాట ఆమెకి గొంతులో ముల్లులా ఉండిపోయింది. టీము వీడియోలన్నీ పడే ఫోల్డర్ వెతికితే, రెండు సగాల మధ్య ఆ క్లిప్పు కూడా ఉంది. ఆటగాడు పెనాల్టీ కోసం కావాలని పడ్డాడా, నిజంగా కాలు తగిలి పడ్డాడా అని తేల్చడానికి ఒక్కో దృశ్యాన్ని నాలుగైదుసార్లు చూడటం ఆమెకి అలవాటే. భర్త కన్నీళ్లనీ అలాగే చూద్దామని కూర్చుంది.

ఆయన డ్రెస్సింగ్ రూమ్ మధ్యలో నిలబడ్డాడు. కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఏడుపు అప్పటికింకా రాలేదు. ఏడవబోయే ముందు కళ్లజోడు దాచుకునేవాడిది ఏం ఏడుపు అని ఆమె అక్కడే ఆపి, కాసేపు ఆయన జేబు వంక చూసింది. మళ్లీ నడిపించింది.

"రెండేళ్ల కిందట ఇలాంటి మ్యాచ్ రోజే నా బిడ్డ పోయింది" అంటున్నాడు ఆయన. "నా భార్యని ఆపరేషన్ థియేటర్లోకి తీసుకెళ్తున్నారు. నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? మీరు వెళ్లండి, అక్కడ మీ పిల్లలు పదకొండు మంది ఎదురుచూస్తున్నారు అంది. ఒక్క కన్నీటి చుక్క లేదు ఆ మనిషి కళ్లలో. మీరు ఆవిడ కోసం ఆడండి." గొంతు పూడుకుపోయింది. ఆటగాళ్లు అరుస్తూ బయటికి పరిగెత్తారు.

సంచీకి ఆనించిన ఫోన్‌ని ఎవరూ ఆపలేదు. గదిలో ఆయన ఒక్కడే మిగిలాడు. బెంచీ మీద కూర్చుని, ఎవరిదో చెమట తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చూసేవాళ్లు లేని ఏడుపది. ఆమె నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసింది, ఎక్కడైనా నటన దొరుకుతుందేమోనని. దొరకలేదు.

దొంగ ఏడుపై ఉంటే ఎంత బాగుండేది. ఛీ అనుకుని మూసేసేది. ఇంత దుఃఖం ఈయన దగ్గర ఉందా? ఉంచుకుని రెండేళ్లు ఎక్కడ దాచాడు? రాత్రిళ్లు తను దిండులో ముఖం దాచుకుంటే, "ఏడిస్తే తిరిగొస్తుందా, లే, ముఖం కడుక్కో" అన్న మనిషే కదా. ఆ బిడ్డకి ఈ లోకంలో తనొక్కతే ఉన్నట్టు, తనకి తప్ప ఎవరికీ ఏమీ పోనట్టు ఎన్ని రోజులు బతికింది. పక్కనే పడుకున్నవాడికీ పోయిందని ఒక్కరోజు తెలిసుంటే ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్లు కదా. ఇంటికి చుక్క కూడా ఇవ్వకుండా మొత్తం మోసుకెళ్లి గోల్స్ కోసం పోశాడు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఇక ఆ 'మీరు వెళ్లండి' అన్న మాట సంగతి. ఆ మాట ఆమె అనలేదు. స్ట్రెచర్ మీద పడుకుని ఆయన చొక్కా చేతిని పట్టుకుని, "ఈ ఒక్కరోజూ ఉండండి" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనుండి చేసేదేముంది, డాక్టర్లున్నారుగా" అన్నాడు ఆయన. చివరికి ఆమె వేళ్లు విడిపించింది నర్సు.

కాగితం మీద ఎడమ పక్క 'హాఫ్‌టైమ్' అని రాసింది. కుడి పక్క, 'ఏడుపు నిజం. మాట అబద్ధం' అని రాసింది. తర్వాత సెకండ్ హాఫ్ అంతా, ఒక్క నిమిషం వదలకుండా, ఎప్పటిలాగే పూర్తి చేసింది.

సాయంత్రం ఆయన టీ తాగుతూ కాగితం చదివాడు. వేలు ఆ వరుస దగ్గర ఆగింది.

"నీ గురించి గొప్పగానే చెప్పాను కదా" అన్నాడు. "చెడ్డగా ఏమైనా చెప్పానా?"

ఆమె కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సోమవారం కమిటీ గదిలో ఫ్యాను కింద ముగ్గురూ వరసగా కూర్చున్నారు. భార్య ఇంటర్వ్యూ కదా అని ఆయన తప్పుకోలేదు, తప్పుకోమని ఎవరూ అనలేదు. ఏం అడుగుతారోనని ఆమె రాత్రంతా కూడదీసుకున్న జవాబులేవీ అక్కర్లేకపోయాయి. సెక్రటరీ చిరునవ్వుతో కాగితాలు ముందుకి తోశాడు.

"ఇంటర్వ్యూ ఏముందమ్మా, లాంఛనం. ఆ వీడియో చూశాక మాకింక ఏ అనుమానమూ లేదు. అంత కష్టంలో కూడా కన్నీరు కార్చకుండా భర్తని గ్రౌండ్‌కి పంపిన మనిషివి. మన అమ్మాయిలకి అలాంటి గుండె ఉన్న కోచ్ కావాలి. ఆ పాత విషయం ఫైల్లోంచి తీసేస్తున్నాం. సంతకం పెట్టేయ్."

ఈలసార్ మర్యాదగా పెన్ను మూత తీసి అందించాడు. భర్త ఆమె వంక చూసి, కానివ్వు అన్నట్టు కనురెప్పలు ఆర్పాడు. పోస్టు ఇప్పించింది తనేనన్న నిశ్చింత ఆయన ముఖంలో కనిపిస్తోంది. అది అబద్ధం కాదు కూడా.

ఆమె పెన్ను తీసుకుంది. సంతకం పెడితే సాయంత్రానికి అమ్మాయిలు తనవాళ్లు. ఆ లెఫ్ట్ వింగ్ పిల్లకి బంతిని లోపలికి ఎలా తిప్పాలో చెప్పడానికి రెండేళ్లుగా నోరు దురద పెడుతోంది. కానీ రేపు ఆ పిల్లే కాలు విరిగి ఏడిస్తే, మీ మేడమ్‌ని చూసి నేర్చుకో అంటారు. బిడ్డ పోయినా ఏడవని మేడమ్. ఆ మేడమ్‌ని తను ఎప్పుడూ కలవలేదు. ఆవిడ పేరు మీద ఉద్యోగం ఇస్తున్నారు, సంతకం మాత్రం తనని పెట్టమంటున్నారు.

పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. గొంతు వణికింది. దాన్ని సరిచేసుకోవడానికి ఆమె ఆగలేదు.

"సార్, ఆ రోజు నేను ఆయన్ని వెళ్లమనలేదు. వెళ్లొద్దని ఏడ్చాను."