ఖాయమైన ఎనిమిదో మ్యాచ్

మా ఆయన ఓగ్న్యెన్‌కు మేనమామ రాదివోయె. సెర్బియాలో మా నిష్ ఊరి పందేల దుకాణంలో ఆయన్ని అందరూ "ప్రొఫెసర్" అంటారు. ఆయన చదివేది ఫుట్‌బాల్ జట్ల పట్టికలు మాత్రమే.

కొత్తగా పెళ్లైన మేము ఇంకా నేల మీద పరుపేసుకుని పడుకుంటున్నాం. మంచం కొనే డబ్బుతో బయల్దేరితే, కాఫీ తాగుదామని మామయ్య మమ్మల్ని ఆ దుకాణంలోకి లాగాడు.

"ఏడు మ్యాచ్‌లు ఒకే చీటీలో కలిపానురా. ఒకదాని పందెం రేటుని ఇంకోదానితో గుణిస్తూ పో. మంచమేంటి, ఇంటినిండా సామానొస్తుంది!"

"ఒక్కటి పోతే, మామయ్యగారూ?"

"అన్నీ పోయినట్టే. కానీ పోదమ్మాయ్! ఈ కోచ్‌కి మొన్నే కొడుకు పుట్టాడు, కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడతారు. ఇదిగో, వీళ్లు వానలో ఓడరు."

మ్యాచ్‌లు ఎంచే మహావిద్య ఇదన్నమాట! పురిటి కబురు, వాన కబురు!

చివర్లో ఎనిమిదోది చేర్చాడు. పట్టికలో మొదటి జట్టుకూ అట్టడుగు జట్టుకూ పోటీ.

"ఇది ఖాయం. ఊరికే, గెలిచే డబ్బు కాస్త పెరుగుతుందని."

"అంత ఖాయమైతే దుకాణంవాడు మీకెందుకు డబ్బిస్తాడు?" అన్నాను.

ఓగ్న్యెన్ పకపకా నవ్వి, మంచం డబ్బుతో కౌంటరు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం మేము కొత్త మంచం మీద కూర్చుని మాంసం కూరిన బురెక్ రొట్టె తింటూ పల్చటి పెరుగు తాగుతుంటే ఫోనొచ్చింది. ఏడూ గెలిచాయట. ఆ ఖాయమైనదే పోయిందట.

"ఒక్కటేరా! మిగతావన్నీ చెప్పానా లేదా?" అని మామయ్య గెలిచినవాడిలా అరిచాడు. వచ్చే వారం తొమ్మిది కలుపుతాడట.

ఓగ్న్యెన్ ఫోనుని దిండు కిందికి తోసేశాడు. మంచం కిర్రుమంది. ఆ చప్పుడు కూడా నాకు ముద్దొచ్చింది.