జోడీలో ఒకరు

కర్నూలు పక్కన కల్లూరులో ఈరేష్ బొరుగుల బట్టీలో పని ఎప్పుడూ జోడీలకే. మొగుడు పొయ్యి ముందు కూర్చుని కాగిన ఇసుకలో బియ్యం వేయిస్తాడు, పెళ్లాం జల్లెడ పట్టి ఇసుక రాలుస్తుంది. కూలి ఇద్దరికీ కలిపి ఒకటే, అదీ మగవాడి చేతికే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు, ఇదేం న్యాయమని అడిగినవాళ్లూ లేరు.

దిల్షాద్, మన్సూర్‌ల జోడీలో మాత్రం ఒక గుట్టు ఉంది. పోయిన ఎండాకాలం నుంచి మన్సూర్‌కు పొగ పడటం లేదు. కాస్త తగిలినా దగ్గి దగ్గి ఊపిరాడక వంగిపోతాడు. పొయ్యి దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. అప్పటినుంచి తడికల చాటున గరిటె ఆమె పట్టింది, గుమ్మం పక్కన గాలి తగిలేచోట జల్లెడ అతను పట్టాడు. ఎవరైనా వచ్చే అలికిడైతే గబగబా చోట్లు మార్చుకునేవాళ్లు. మొగుడు జల్లెడ పడుతున్నాడంటే బట్టీ అంతా నవ్వదూ? అది చాలదన్నట్టు, "మా ఇంటాయన వేయిస్తే ఒక్కో గింజా మల్లెమొగ్గే" అని దిల్షాద్ వీధంతా చాటింపు వేసింది.

అంతలో నగరంలో కనీస కూలి పెరిగింది. జోడీకి కాదు, మనిషి మనిషికీ ఇవ్వాలట. ఆ రోజు బట్టీలో పండగే. ఇక మొగుణ్ణి పెద్దాసుపత్రిలో చూపించవచ్చని దిల్షాద్ ఎంత సంబరపడిందో, పిచ్చిది!

వారం తిరక్కముందే ఈరేష్ అందరినీ పిలిచాడు. అతనేం రాక్షసుడు కాదు. మొహం పీక్కుపోయి ఉంది.

"నేనేం జేసేదప్పా? బొరుగుల రేటు పెంచితే అంగడోళ్లు బళ్లారి నుంచి తెచ్చుకుంటాండారు. పెంచకపోతే నా చేతిది పోతాండాది. జోడీకి ఒకరే ఉండండి. వేయించేటోళ్లు చాలు, జల్లెడకు మిషను వస్తాది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దిల్షాద్‌కు మాత్రం కూలి గుర్తే రాలేదు. పొయ్యి ముందు ఒంటరిగా దగ్గుతున్న మన్సూర్ ఆమె కళ్లలో మెదిలాడు.

"అన్నా, వేయించేది నేను," అంటూ ముందుకొచ్చింది. "ఆయనకు ఊపిరి ఆడ్డంల్యా. నన్ను పెట్టుకో, ఆయన్ను ఇంటికి పంపు."

ఈరేష్ నవ్వాడు. "మల్లెమొగ్గలని నువ్వే కదమ్మా చెప్పుకుంటివి?"

"అబద్ధం చెప్పినాన్నా! ఇప్పుడే వేయించి చూపిస్తా."

"ఏమప్పా మన్సూర్, నిజమేనా?"

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇల్లు గడిచేది, ప్రాణమూ దక్కేది. కానీ తోటి మగవాళ్లంతా చూస్తున్నారు.

"పని పోతాదని ఏందేందో మాట్లాడతాండాది," అన్నాడు మన్సూర్ నేల చూస్తూ. "వేయించేది నేనే."

మర్నాడు పొద్దున దారి పొడుగునా దిల్షాద్ అతని చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"పోవద్దు. నీ కాళ్లు మొక్కుతా."

"పెళ్లాం సంపాదిస్తాంటే ఇంట్లో కూచోమంటావా? నాలుగు దినాలు చూస్తాలే," అని విదిలించుకుని లోపలికి వెళ్లాడు. పని పోయినవాళ్లను రానివ్వొద్దని ఈరేష్ చెప్పాడేమో, గేటుకు గడియ పడింది.

పొయ్యిలు రాజుకున్నాయి, పొగ లేచింది. ఆ వెంటే మన్సూర్ దగ్గు మొదలైంది. దిల్షాద్ గేటుకు చెవి ఆనించి నిలబడింది. దగ్గు వినబడుతున్నంతసేపూ ఆమెకు భయమే. ఆ దగ్గు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు అంతకంటే భయమేసింది. ఆ వెనకే బియ్యం మాడుతున్న వాసన వచ్చింది. గరిటె ఆడుతుంటే బియ్యం మాడదు.

ఆమె రెండు చేతులతో గేటు బాదసాగింది.

"తియ్యండప్పా! ఆయన కాదు, వేయించేది నేను! నేనప్పా!"