పేరు చెప్పను

ఒడెస్సా ప్రూయిట్ సెయింట్ లూయిస్‌లో పద్నాలుగేళ్లు సిటీ బస్సు నడిపింది. అందులో తొమ్మిదేళ్లు ఆమె రూటు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే ఫ్యామిలీ కోర్టు ముందు నుంచే. పొద్దున పిల్లల చేతులు పట్టుకుని దిగిన తల్లులు మధ్యాహ్నం ఒంటరిగా ఎక్కడం అద్దంలో చూసేది. పిల్లల కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. దిగాల్సిన స్టాపు దాటిపోయినా వాళ్లకు తెలిసేది కాదు. కొందరిని ఆమే కేకేసి దింపేది.

డ్యూటీ దిగాక సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుకుంది. ముప్పై తొమ్మిదో ఏట ఉద్యోగం వదిలేసి, సోషల్ వర్కూ లాయరు చదువూ కలిపి నాలుగేళ్లలో చెప్పే జమిలి కోర్సులో చేరింది. డిపోలో అందరూ నవ్వారు. "ఏదో ఒకటి చాలదా తల్లీ, రెండూ నెత్తిన వేసుకున్నావు?" అన్నారు.

"కోర్టులో మాట్లాడే లాయరుకు ఆ తల్లి ఇల్లెలా ఉంటుందో తెలీదు. ఇల్లు తెలిసినావిడకి కోర్టులో నోరు లేదు. నాకు రెండూ కావాలి," అంది ఒడెస్సా.

నాలుగో ఏడు ఫిబ్రవరికి ఆమె లా కాలేజీ వాళ్ల ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో పనిచేస్తోంది. సరిగా చూసుకోవడం లేదని పిల్లల్ని కౌంటీ, అంటే జిల్లా, అధికారులు తీసుకుపోయిన తల్లిదండ్రుల తరఫున ఆ కేంద్రం వాదిస్తుంది. అక్కడ చేసే గంటలే సోషల్ వర్క్ కాలేజీలో ఫీల్డ్‌వర్క్‌గా లెక్క. అంటే పని ఒకటే, పెద్దలు మాత్రం ఇద్దరు. లాయర్ల వైపు మోర్టన్ ఫైగ్. సోషల్ వర్క్ వైపు ప్రొఫెసర్ హారియెట్ లిండ్‌క్విస్ట్.

ఒక మంగళవారం రెనెట్టా కూంబ్స్ వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. ఇరవయ్యారేళ్లుంటాయి. ఏడేళ్ల కూతురు జూనీని కిందటేడు కౌంటీ వాళ్లు తీసుకుపోయి ఐదు నెలలు ఎవరో తెలియని ఇంట్లో ఉంచారు. అక్టోబరులో తిరిగిచ్చారు. మార్చిలో ఇంకొక్క వాయిదా, అది గడిస్తే కేసు మూసేస్తారు.

రెనెట్టా కుర్చీ అంచున కూర్చుంది. "మిస్ ఒడెస్సా, మీకొకటి చెప్పాలి. చెబితే నన్ను ఛీ అంటారు."

"ముందు చెప్పు. ఆ తర్వాత చూద్దాం."

"మొన్న గురువారం, అంతకు ముందు గురువారం, జూనీ ఇంట్లో ఒక్కతే ఉంది. మూడున్నర నుంచి ఆరింటి దాకా. కింద ఉండే మిసెస్ ఓట్స్ చూసేది కదా, ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. గురువారాలు నాకు ఆరింటిదాకా షిఫ్టు, మార్చమని అడిగా. కుదరదన్నారు. గొళ్లెం పెట్టుకుని టీవీ ముందు కూర్చో, పొయ్యి జోలికెళ్లకు అని చెప్పి వెళ్లా." రెనెట్టా సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "ఎవరికీ చెప్పరుగా?"

ఒడెస్సా చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"చెప్పను."

ఆ మాట బరువెంతో ఆమెకు తెలుసు. లాయరు ఆఫీసులో క్లయింటు చెప్పింది గడప దాటకూడదు. పిల్లను ఒంటరిగా వదిలారని సోషల్ వర్కర్ చెవిన పడితే మాత్రం వెంటనే కౌంటీకి ఫోన్ చేయాలి. ఇదే ప్రశ్న రెండు కాలేజీల పరీక్షల్లోనూ వచ్చింది. ఒక్కోచోట ఒక్కో జవాబు రాసి రెండింట్లోనూ పూర్తి మార్కులు తెచ్చుకుంది. అప్పుడు నవ్వుకుంది కూడా.

ఫైగ్‌దీ అదే ఆఫీసు, ఆయనకు చెబితే గడప దాటినట్టు కాదు. వెళ్లి చెప్పింది. ఆయన శాండ్‌విచ్ తింటున్నాడు.

"మంచిది. నోరెత్తకు. వాయిదా దాకా అలాగే ఉండనీ."

"మరి ఈ గురువారం?"

"ఈ గురువారం ఏంటి?"

"పిల్ల మళ్లీ ఒక్కతే ఉంటుంది కదా సార్."

"ఒడెస్సా, మనం లాయర్లం. ఆయాలం కాదు."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే మర్నాడు ఒక పొరపాటు చేసింది. సోషల్ వర్క్ క్లాసులో, పేరూ ఊరూ లేకుండా, "ఇలాంటి తల్లి ఎదురైతే ఏం చెయ్యాలి?" అని అడిగింది. క్లాసు అయ్యాక ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ తలుపు మూసి ఆమెను ఆపింది.

"ఇది ఊహించి అడిగిన ప్రశ్న కాదు కదా?"

ఒడెస్సా పుస్తకాలు సంచిలో సర్దుకుంది.

"రేపు మధ్యాహ్నం లోపు కౌంటీకి ఫోన్ చెయ్యి. లేదంటే పేరు నాకు చెప్పు, నేను చేస్తాను."

"ఫోన్ చేస్తే పిల్లని తీసుకుపోతారు మేడమ్."

"తీసుకుపోవాలా వద్దా అన్నది వాళ్లు తేలుస్తారు."

"పోయినసారి తేల్చడానికి ఐదు నెలలు పట్టింది!" అనేసి ఒడెస్సా నాలుక కరుచుకుంది.

లిండ్‌క్విస్ట్ కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ముప్పయ్యేళ్లు ఈ పని చేశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తల్లి మంచిదని ఫోన్ చెయ్యకుండా ఊరుకున్నాను. మార్చురీలో ఆ పసివాణ్ణి నేనే గుర్తుపట్టాల్సి వచ్చింది. నా మీద ఎంత కోపమైనా తెచ్చుకో, రేపు మధ్యాహ్నం దాకానే టైము."

ఆ రాత్రి ఒడెస్సాకు సరిగా నిద్ర పట్టలేదు. లిండ్‌క్విస్ట్ చెప్పింది అబద్ధం కాదు. ఫైగ్ చెప్పిందీ తప్పు కాదు. కానీ ఆ ఇద్దరి మాటల్లో ఎక్కడా గురువారం మూడున్నరకి జూనీ దగ్గర ఎవరుంటారన్నది లేదు. పొద్దున్నే రెనెట్టాకు ఫోన్ చేసింది.

"స్కూల్లో సాయంత్రం పిల్లల్ని చూసుకునే చోటు ఉంటుంది కదా, అడిగావా?"

"ఉంది మిస్ ఒడెస్సా. తల్లి ఏ టైములో పని చేస్తుందో యజమాని సంతకం కావాలంట. మా డూడెక్ మూడు వారాల నుంచి పెట్టట్లేదు."

"నీతో పాటు నేనూ రానా?"

లాండ్రీ సూపర్‌వైజర్ డూడెక్ వేడికి ఎర్రబడ్డ మనిషి. కాగితం చూడకుండానే వెనక్కి నెట్టాడు. "సంతకాలు నా పని కాదమ్మా. పైవాళ్లనడగండి."

"పైవాళ్లెక్కడుంటారు?"

"చికాగోలో."

"ఈమె ఆరింటిదాకా ఇక్కడుంటుందని మీకు తెలుసా, చికాగోకు తెలుసా?"

డూడెక్ బండ్ల వైపు తిరిగాడు. ఒడెస్సా వెళ్లి మాసిన దుప్పట్ల మూట మీద తీరిగ్గా కూర్చుంది.

"ఏంటిది?"

"నేను పద్నాలుగేళ్లు బస్సు నడిపాను సార్. ఎనిమిది గంటలు ఒకే చోట కూర్చోవడం నాకు అలవాటే. మీ పని మీరు చూసుకోండి."

తోపుడు బండ్లు ఆమె చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఇరవై నిమిషాలకు డూడెక్ పెన్ను తీశాడు.

"ఇంతకీ మీరు లాయరా?"

"సగం."

"రెండో సగం ఏంటి?"

"ఇప్పుడు మీ మూట మీద కూర్చున్నది ఆ సగమే."

ఆ గురువారం సాయంత్రం మూడుంబావుకు ఒడెస్సా ఆ కాగితం స్కూలు ఆఫీసులో ఇచ్చి నిలబడింది. నాలుగింటికి జూనీ ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి రంగు కాగితాలు కత్తిరిస్తూ, కత్తెర కోసం పోట్లాడుతూ కనిపించింది. లిండ్‌క్విస్ట్ పెట్టిన గడువు దాటి అప్పటికి నాలుగు గంటలైంది. ఒడెస్సా కౌంటీకి ఫోన్ చేయలేదు.

పదో రోజున సోషల్ వర్క్ కాలేజీ కమిటీ పిలిచింది. బల్లకు అవతల డీనూ, లిండ్‌క్విస్టూ, ఇంకో ప్రొఫెసరూ కూర్చున్నారు. ఫైగ్ నాలుగు వాక్యాల ఉత్తరం పంపి ఊరుకున్నాడు. కోర్టు పని ఉందట.

"ఇక్కడ మీరు సోషల్ వర్క్ విద్యార్థిని," అన్నాడు డీన్.

"అక్కడేమో లా విద్యార్థినినంటారు. రెండూ కలిపి కోర్సు పెట్టింది మీరే కదా సార్. బ్రోచర్లో ఎంత గొప్పగా వేశారు! ఇప్పుడు నన్ను నేను అడ్డంగా కోసుకోమంటే ఎలా?"

"నియమం నియమమే. పేరు చెప్పండి."

"ఆవిడ నన్ను నమ్మి చెప్పింది కాబట్టే నేను వెళ్లి చెయ్యాల్సింది చేయగలిగాను. పేరు చెప్పేశాననుకోండి, రేపట్నుంచి ఏ తల్లీ ఆ గదిలో నిజం చెప్పదు. అప్పుడు పిల్లలు తలుపు గొళ్లెం పెట్టుకుని కూర్చుంటారు, మనకెవరికీ తెలీదు."

లిండ్‌క్విస్ట్ మొదటిసారి నోరు విప్పింది. "పిల్ల క్షేమమేనా?"

"క్షేమం. నా కళ్లతో చూశాను."

"నీ మాట చాలదు ఒడెస్సా."

"చాలకపోతే ఫెయిల్ చెయ్యండి మేడమ్. ఇంకో ఏడాది ఇదే కుర్చీలో కూర్చుంటాను. పేరు మాత్రం చెప్పను."

ఫెయిల్ చేశారు. ఏడాది ఫీల్డ్‌వర్క్ మొత్తం మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. మేలో తోటివాళ్లతో పాటు రావాల్సిన పట్టా చేజారింది. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ ఒడెస్సా ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది. డ్రైవరు పాత స్నేహితుడు. ఏమైందని అడగబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

లా కాలేజీ ఆమెను ఆపలేదు. అందుకే మార్చి వాయిదాకు, ఫైగ్ పక్కన కూర్చోగా, జడ్జి ముందు నిలబడింది ఒడెస్సాయే.

"బడి వదిలాక పాపను ఎవరు చూస్తున్నారు?" అని జడ్జి అడిగింది.

ఒడెస్సా హాజరు పట్టీ అందించింది. ప్రతి గురువారం మూడూ నలభైకి జూనీ కూంబ్స్ పేరు పక్కన సంతకం ఉంది. జడ్జి పేజీలు తిప్పింది. కౌంటీ లాయరు కూడా చూసి తలూపాడు. ఆ రెండు గురువారాల సంగతి ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఒడెస్సా రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది. అబద్ధమైతే ఆడదు. ఆ అవసరం రాలేదు. ఆరు నిమిషాల్లో కేసు మూసేశారు.

వరండాలో రెనెట్టా ఆమెను గట్టిగా వాటేసుకుంది. "మేలో మీ పట్టా పండగకి నేనూ జూనీ వస్తాం. మంచి గౌను కూడా చూసి పెట్టా దానికి."

"వచ్చే ఏడాది రండి."

"అదేం?"

"ఇంకో ఏడాది చదవాలనిపించింది."

"పిచ్చా మీకు?"

"కొంచెం," అంది ఒడెస్సా. అసలు సంగతి చెప్పలేదు.

ఆగస్టులో మళ్లీ అదే క్లాసు, అదే లిండ్‌క్విస్ట్. ఫీల్డ్‌వర్క్ మొదలెట్టే ముందు అందరూ సంతకం పెట్టాల్సిన ఒప్పందం పంచారు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు చదవకుండానే సంతకాలు చేసి ఇచ్చేశారు. ఒడెస్సా అక్షరం అక్షరం చదివింది. 'ఏ పరిస్థితిలోనైనా వెంటనే కౌంటీకి ఫోన్ చేస్తాను' అన్న ఏడో వాక్యాన్ని గీత పెట్టి కొట్టేసి, పక్కన తన పొడి అక్షరాలు వేసి, కింద సంతకం పెట్టి తీసుకెళ్లి ఇచ్చింది.

లిండ్‌క్విస్ట్ ఆ గీత చూసింది. "ఇలా కొట్టేస్తే ఈ కాగితం చెల్లదు."

"అయితే నేను సంతకం పెట్టగలిగేలా మళ్లీ రాయించండి మేడమ్. మా జమిలి వాళ్లు ఈ ఏడాది ఆరుగురున్నారు. వాళ్లలో ఎవరికో ఒకరికి నాకెదురైనదే ఎదురవుతుంది. నాకేం తొందర లేదు. ఇంకో ఏడాదైనా ఉంటాను."

లిండ్‌క్విస్ట్ కొట్టేసిన వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. కాగితం వెనక్కి ఇవ్వలేదు. మిగతా విద్యార్థులంతా వెళ్లిపోయేదాకా ఆగి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది.

"కూర్చో. ఏమని రాయాలంటావు?"

ఒడెస్సా కుర్చీ లాక్కుంది. "రాసుకోండి," అంది.